బదిలీ మీద చదువు

2023 జూన్ ముప్పై, శుక్రవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది చికెన్ బిర్యానీ, పెరుగు చట్నీ, సగం డబుల్ కా మీఠా. సగమే ఎందుకంటే, పక్క కుర్చీలో కూర్చున్న సదయ్య తనకు షుగరుందని తన వాటా వద్దన్నాడు. వద్దని, నా వాటాలో సగం తిన్నాడు. ఆ రోజు మా గనిలో పదకొండు మందిమి ఒకేసారి రిటైరయ్యాం. అందరికీ ఒకే రంగు శాలువాలు కప్పారు. ఇంటికి వెళ్లేటప్పుడు ఏది ఎవరిదో తెలియక రెండు శాలువాలు తారుమారయ్యాయి. అయినా ఎవరికీ నష్టం రాలేదు.

భోజనాలకు ముందు ఒక కుర్ర ఆఫీసరు మైకు పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ కంపెనీ కోసం బతికారు. ఇక మీ కోసం బతకండి. ఖాళీ సమయాన్ని వృథా చేయకండి. ఒక ప్రణాళిక ప్రకారం మీ వ్యక్తిత్వాన్ని వికసింపజేసుకోండి" అన్నాడు. అందరం బిర్యానీ గంగాళాల వైపు చూస్తూ చప్పట్లు కొట్టాం. సదయ్య మాత్రం కొట్టలేదు. ముప్పై ఆరేళ్లు భూమి కింద పనిచేసిన మనిషి. ఆఫీసరు మైకులో ఏం చెప్పినా అది ఆర్డరే అతనికి.

"బావా, గీ వికాసం ఏ షిఫ్టుల చెయ్యాలె?" అని నా చెవిలో అడిగాడు.

"నీకు నచ్చినప్పుడు చేసుకోవచ్చు బావా."

"గట్లంటె ఎవ్వడు చెయ్యడు. టైం రాసియ్యాలె."

నా పేరు వేణుమాధవ్. కరీంనగర్‌లో బీకాం చదివి, ముప్పై మూడేళ్లు గని టైమాఫీసులో మస్టర్లు రాశాను. మస్టరంటే హాజరు. ఎవరు దిగారు, ఎవరు దిగలేదు, ఎవరు నాగా పెట్టారు, అదే నా లోకం. నా భార్య రమ పోయి అప్పటికి నాలుగేళ్లు. కూతురు యమున మంచిర్యాలలో టీచరు. రోజూ ఏడింటికి ఫోన్ చేసి ఏం తిన్నావని అడుగుతుంది. అబద్ధం చెబితే గొంతును బట్టి పట్టేస్తుంది కాబట్టి, నిజం చెప్పడానికైనా ఏదో ఒకటి వండుకునేవాణ్ని.

గోదావరిఖనిలో మా ఇల్లూ సదయ్య ఇల్లూ పక్కపక్కనే. మధ్య గోడ ఛాతీ ఎత్తు. సదయ్య భార్య లస్మవ్వ నన్ను అన్నా అంటుంది కనుక సదయ్య నాకు బావ. ఆ గోడ మీదుగా వారానికి మూడుసార్లు ఏదో ఒక కూర గిన్నె నా వైపు వచ్చేది. ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు నేను ఏమీ పెట్టి ఇవ్వలేనని ఆమెకు తెలుసు. అందుకే గిన్నె అడిగేదే కాదు. మా ఇంట్లో ఇప్పుడు వాళ్ల గిన్నెలు పదకొండున్నాయి.

రిటైరయ్యాక సదయ్య ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడన్నమాటే గానీ కూర్చుంటే కదా! గనిలో అతని పని పైకప్పుకు ఆధారాలు పెట్టడం. పనికి దిగగానే కర్రతో కప్పు మీద కొట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందో గుల్లగా ఉందో చెప్పేవాడు. ఇంట్లో కూడా మొదటివారమే బూజుకర్ర తిరగేసి పట్టుకుని వంటింటి కప్పు కొట్టడం మొదలుపెట్టాడు. కింద లస్మవ్వ పప్పు ఉడుకుతోంది. సున్నం పెచ్చు ఊడి అందులో పడింది.

"ఇగో, చూసినవా? నేనన్లె? గిక్కడ గుల్లగున్నది!"

"గుల్లగున్నది కప్పు కాదు, నీ తల్కాయ! బంగారమసొంటి పప్పు ఖరాబు జేస్తివి."

"పప్పు పోతె పోనీ. నువ్వు బతికినవ్, గది జూడు."

ఈ సంభాషణలు నాకు గోడ ఇవతలికి వినబడేవి. ఒంటరి ఇంట్లో ఉన్న మనిషికి పక్కింటి తగువు ఎంత తోడో అనుభవిస్తే గానీ తెలియదు.

సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున, సదయ్య గడ్డం చేయించుకోవడానికి వెళ్లిన వేళ, లస్మవ్వ గోడ దగ్గరకు వచ్చింది. చేతిలో గిన్నె లేదు. అదే నాకు వింతగా తోచింది.

"అన్నా, ఒక్క ముచ్చట చెప్పాలె. ముందుగాల ఒట్టు పెట్టు."

"ఎవరి మీద చెల్లె?"

"నీ కలం మీద."

జేబులో కలం ముట్టుకున్నాను.

"నేను ఓపెన్ టెన్త్ కట్టిన. ఏప్రిల్‌ల పరీక్ష."

లస్మవ్వకు యాభై నాలుగేళ్లు. రామగిరిలో ఏడో తరగతి చదువుతుండగా పెళ్లి చేశారు. ఆ మాట మాత్రం నాకు తెలుసు. తెలియనిది ఆమె ఆ రోజు చెప్పింది. సదయ్య డ్యూటీకి వెళ్లాక, నేను ఆఫీసుకు వెళ్లాక, రమా తనూ మా వంటింట్లో కూర్చుని చదువుకునేవారట. ఎనిమిది, తొమ్మిది తరగతుల పుస్తకాలు అలా పూర్తిచేశారట. నేను గనిమీద హాజరు రాస్తున్న వేళ నా ఇంట్లో ఒక బడి నడిచిందన్నమాట. మనిషి పోయిన నాలుగేళ్లకు ఆమె గురించి కొత్త సంగతి ఒకటి దొరకడం ఎంత భాగ్యమో! నేను ఒకసారి మా వంటింటి వైపు తిరిగి చూశాను.

"ఇప్పుడు ఎందుకు చెల్లె ఈ పరీక్ష?"

"ఎందుకంటె ఏం చెప్పాలె అన్నా. బంతిల కూసోబెట్టి, సగం తిన్నంక లేపినట్టున్నది నాకు. ఉద్యోగమా, సద్యోగమా? మిగిలిన విస్తరి తినాలె, అంతే."

"మంచిది. చదువు మరి."

"ఏడ సదువుడు? మూడు నెలలల్ల పదకొండు పేజీలు సదివిన. ఇంతకుముందు ఆయనకు షిఫ్టుంటె నాకు ఎనిమిది గంటలుండె. ఇప్పుడు అరగంటకోసారి చాయ్ అంటడు, పావుగంటకోసారి ఏం చేస్తున్నవ్ అంటడు. పుస్తకం బియ్యం డబ్బల దాసిన. మొన్న పురుగు వట్టిందా అని గా డబ్బ సుత మూత తీసి చూసిండు. పానం పోయినంత పనైంది."

"బావకు చెప్పేస్తే పోలేదా?"

లస్మవ్వ నన్ను జాలిగా చూసింది. "గల్లీల ఆయన పేరేందన్నా?"

గల్లీలో సదయ్య పేరు సైరన్. అతని చెవిన పడిన మాట షిఫ్టు సైరన్ కన్నా ముందు ఊరంతా వినబడుతుంది.

"పొద్దుగూకెవరకు రామగుండం దాక తెలుస్తది. ఫెయిలైతె నేను ముఖం ఏడ పెట్టుకోవాలె? పాసైనంక నేనే చెప్త. గప్పటిదాక రోజుకు రెండు గంటలు ఆయనను ఎటన్న తోలుకపో అన్నా. నాకు రెండే గంటలు చాలు."

అలా నవంబరు ఒకటిన మా ముందుగదిలో తరగతి మొదలైంది. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు. ఖాళీ సమయంలో ఏదో ఒకటి నేర్చుకునే తరగతి అని చెప్పాను. సదయ్య మొహం వెలిగిపోయింది. నాలుగు నెలలుగా ఆర్డరు అమలు చేయలేక పరేషాన్‌లో ఉన్నాడు పాపం. తనతో పాటు ఎదురింటి గులాం అలీని కూడా పట్టుకొచ్చాడు. గులాం అలీ మా గనిలోనే బొగ్గు తొట్లను తాడుతో లాగే ఇంజను నడిపాడు, రెండేళ్ల ముందే రిటైరయ్యాడు.

"నువ్వేం నేర్చుకుంటవు గులాం భాయ్?" అని అడిగాను.

అతను చాలాసేపు ఆలోచించాడు. "నాల్గింటి నుంచి ఆరింటి దాక నిద్ర పోకుండ ఉండుడు నేర్సుకుంట సాబ్. బహుత్ ముష్కిల్ హై. గని మీద గుడ రాలె నాకు."

"నేను చదువు నేర్సుకుంట" అన్నాడు సదయ్య. "ఐదు దాక సదివిన. ఇగ పది తీసేస్త."

మొదటిరోజు ముప్పావుగంట ఏర్పాట్లకే పోయింది. సదయ్య నా చేత గీతలు కొట్టించి మస్టర్ బుక్కు పెట్టించాడు. ఆదివారం సెలవు. ఆలస్యంగా వస్తే సగం రోజు. తరువాత నా బూజుకర్ర తెచ్చి ముందుగది కప్పంతా కొట్టి చూశాడు. "గట్టిగున్నది. రమక్క దగ్గరుండి కట్టిచ్చింది గద" అన్నాడు. ఆ ఒక్క మాటకు అతను చేసిన దుమ్మంతా సంతోషంగా ఊడ్చాను.

నేను లస్మవ్వ పుస్తకం లాంటిదే ఇంకొకటి కొని, అందులోంచే పాఠం మొదలుపెట్టాను.

"ఎక్స్ అంటె ఎవరు బావా?"

"తెలియని సంఖ్య."

"తెలియకుంటె అడగాలె గద, ఎవల్నన్న."

"ఎవరికీ తెలియదు. లెక్క చేస్తే తెలుస్తది."

"అయితె నువ్వు చెయ్యి. తెలిసినంక నన్ను లేపు."

గులాం అలీ అప్పటికే నిద్రలో ఉన్నాడు. అయినా సరే, గోడ అవతల నుంచి చాయ్ కేక లేదు, ఏం చేస్తున్నవ్ లేదు. నిశ్శబ్దంగా పేజీ తిరిగిన చప్పుడు. నిజంగా వినబడిందా అని అడగకండి. నాకు వినబడింది.

పదకొండు రోజులు ఇలా గడిచాయి. పన్నెండో రోజు సరిగ్గా నాలుగింటికి తలుపు దగ్గర లస్మవ్వ నిలబడి ఉంది. చంకలో పుస్తకం, కొంగు నోటికి అడ్డం. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"అన్నా, నేను బదిలీ."

గని పనిలో బదిలీ అంటే ఊరు మారడం కాదు. ఒక మనిషి రాకపోతే అతని స్థానంలో దిగే మనిషి. సదయ్య కూడా మొదట నాలుగేళ్లు బదిలీగానే చేశాడు. ఏడాదిలో నిర్ణయించినన్ని మస్టర్లు నిండితే బదిలీ మనిషిని పర్మినెంటు చేస్తారు. అలాగే అతనూ పర్మినెంటయ్యాడు.

"ఆయనకు మోకాలు నొస్తున్నదట. నాగా పడితె రికార్డు ఖరాబైతదట. 'నా బదులు నువ్వు పొయ్యి కూసో, మస్టర్ నా పేరు మీద పడాలె' అని తోలిండు."

"బావ ఏం చేస్తున్నడు?"

"పండుకున్నడు."

నేను మస్టర్ బుక్కు తీశాను. సదయ్య పేరుకెదురుగా హాజరు వేసి, పక్కన చిన్నగా 'బదిలీ' అని రాశాను. ముప్పై మూడేళ్లలో అంత సంతోషంగా ఏ మస్టరూ వేయలేదు.

మర్నాడు కూడా మోకాలే. ఆ మర్నాడు నడుము. నాలుగో రోజు నుంచి సదయ్య కారణం చెప్పడమే మానేశాడు. నాలుగవగానే తనే కేకేసేవాడు: "ఓయ్, జల్ది పో! మస్టర్ పోతది!" మేం అతన్ని రెండు గంటలు ఇంట్లోంచి పంపాలని ఎత్తు వేస్తే, అతనే రోజూ ఆమెను ఇంట్లోంచి తరుముతున్నాడు. లస్మవ్వ వచ్చేది, గులాం అలీకి నమస్తే చెప్పేది, అతను నిద్రపోయేవాడు, మేం లెక్కలు చేసేవాళ్లం.

నాలుగు నుంచి ఆరు వరకు నాకు రోజులో అన్నిటికన్నా బరువైన వేళ. రమ ఉన్నప్పుడు అది చాయ్ వేళ. ఇప్పుడా వేళ త్రికోణమితితో నిండిపోయింది.

రాత్రి అన్నాలయ్యాక గోడ అవతల ఇంకో తరగతి జరిగేది.

"ఇయ్యాల నేనేం నేర్సుకున్న?" అని సదయ్య గద్దించి అడిగేవాడు.

లస్మవ్వ చెప్పేది. "గోపురం మొదలుకు ఇన్ని మీటర్ల దూరంల నిలవడి చూస్తె, కొన ఇంత కోణంల అగుపడ్డది. అయితె గోపురం ఎంత ఎత్తు?"

"ఎక్కి టేపుతోటి కొలుస్తె అయిపాయె గద!"

"ఎక్కకుండ చెప్పాలె."

"ఎందుకు? నిచ్చెన లేదా?"

"లేదు."

"గసొంటి జాగల పని చెయ్యద్దు. సేఫ్టీ లేదు." మళ్లీ తనే, "సరె, ఎంతొచ్చింది?" అనేవాడు. ఆమె మొదటి నుంచి చివరిదాకా చెప్పేది. తప్పు పోతే అతనికి తెలియదు. కానీ ఆమె ఎక్కడ తడబడిందో పట్టేవాడు. కప్పు చప్పుడు విన్న చెవులు కదా. "గిక్కడ గుల్లగున్నది. మల్ల చెప్పు" అనేవాడు. మర్నాడు లస్మవ్వ అదే చోటు గురించి నన్ను అడిగేది. నేను పెట్టిన పరీక్షల కన్నా అతను పెట్టినవే కఠినం.

"నిన్నటి కంటె ఇయ్యాల తక్కువ నేర్సుకున్న నేను" అని ఒకరోజు కోప్పడ్డాడు కూడా. "బదిలీకి పోయినోడు సొంత పని కంటె మంచిగ చెయ్యాలె. ఎర్కలేదా?"

లింగమూర్తి చాయ్ హోటల్లో మాత్రం సదయ్య ధాటి చెప్పనలవి కాదు. "ఇప్పుడు వర్గ సమీకరణాలల్ల ఉన్న" అనేవాడు. లింగమూర్తి నమ్మక, "ఏదీ ఒకటి చెప్పు" అంటే, "గది నా బదిలీకి ఎరుక. నేను మొత్తం మీద చూసుకుంట" అనేవాడు.

ఏప్రిల్ రెండో వారంలో గుట్టు రట్టయింది. నెట్ సెంటరు సంపత్ లస్మవ్వ హాల్ టికెట్ ప్రింటు తీసి, దారిలో కనబడ్డ సదయ్య చేతికే ఇచ్చాడు. నాలుగింటికి లస్మవ్వ, నేను, గులాం అలీ గదిలో ఉన్నాం. సదయ్య తలుపు తోసుకుని వచ్చాడు. ఐదు నెలల తరువాత తరగతికి రావడం.

"బావా! టైమాఫీసుల గింత మోసమా? నా మస్టర్ల మీద ఈమె ఫొటో ఎట్లొచ్చింది?"

గులాం అలీ ఉలిక్కిపడి లేచాడు. "మై సోయా నహీ! నిద్ర పోలె!"

నేను నోరు తెరిచేలోగా లస్మవ్వ లేచి నిలబడింది. "అన్ననేమనకు. అది నాదే. నేనే కట్టిన. సెప్టెంబర్‌లనే కట్టిన."

సదయ్య కాగితాన్ని, ఆమెను, మళ్లీ కాగితాన్ని చూశాడు. "నేను ఆరు నెలల సంది పది సదువుతున్ననని హోటల్ల చెప్పుకున్న. నా పేరు లేదు దీంట్ల. బదిలీ మనిషి షిఫ్టు దాకనే. కాయితం అసలు మనిషి పేరు మీద రావాలె."

"మస్టర్ బుక్కు తియ్యన్నా" అంది లస్మవ్వ.

తీశాను. లెక్కపెట్టాను. మొత్తం నూట ముప్పై ఏడు. అందులో సదయ్యవి పదకొండు.

"నూట ఇరవై ఆరు నావి" అంది. "నువ్వు బదిలీల ఉన్నప్పుడు మస్టర్లు నిండంగనే ఆఫీసుకాడికి పొయ్యి ఏమన్నవ్? నిండినయి, ఇగ ఈ పని నాదే అన్లే? ఒక్కపూట ఆలస్యమైతె లొల్లి పెట్టినవ్. నావి సుత నిండినయి. నేను పర్మినెంటు."

సదయ్య గులాం అలీ వైపు చూశాడు, మద్దతు కోసం.

"ఖానూన్ తో యహీ హై సదన్నా" అన్నాడు గులాం అలీ, చాలా విచారంగా. "నువ్వు యూనియన్‌కు పోయినా గిదే చెప్తరు."

సదయ్య నా కుర్చీలో కూలబడ్డాడు. కోపం అప్పటికే పోయింది. దాని కింద ఇంకేదో ఉంది.

"ఇంట్లనే ఉంటి గదనే. నాకెందుకు చెప్పలె?"

"నవ్వుతవని."

"నేను నవ్వుతనా?"

"నవ్వవా?"

అతను నిజాయితీగా ఆలోచించాడు. "నవ్వుత. కని నవ్వద్దంటె ఆగుదును."

"ఊరంత చెప్తవని."

సదయ్య తల దించుకుని కాగితం మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ పెట్టాడు. చివరికి అడిగాడు: "పరీక్ష ఏడ పడ్డది?"

"పెద్దపల్లిల. ఐదు రోజులు."

"బండి మీద నేను తీస్కపోత" అన్నాడు. ఆ తరువాత, ఇంకా కష్టమైన మాట: "ఎవ్వలకు చెప్ప."

అతను ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంత కష్టపడ్డాడో నేను చూశాను. నోట్లో రెండేసి వక్కపలుకులు వేసుకుని తిరిగేవాడు. హోటల్ ముందు నుంచి వెళ్లాల్సి వస్తే బండి వేగం పెంచేవాడు. కానీ రోజూ భార్యను బండి మీద ఎక్కించుకుని పొద్దున్నే వెళ్తుంటే గల్లీ ఊరుకుంటుందా? మొదటిరోజే గులాం అలీ భార్య సుల్తాన్ బీ అడ్డం నిలబడి అడిగింది: "ఎక్కడికి అన్నా?"

సదయ్యకు అబద్ధాల అలవాటు లేదు. నోటికొచ్చింది చెప్పాడు. "కండ్ల దవాఖానకు."

"ఎవరికి?"

"ఈమెకు."

ఆ సాయంత్రానికి లస్మవ్వ కళ్ల గురించి గల్లీ అంతటికీ తెలిసింది. మా మనుషులు మంచివాళ్లు. అదే వచ్చిన చిక్కు. బత్తాయిలతో ఒకరు, క్యారెట్లతో ఒకరు, కళ్లలో వేసే ఆకుపసరుతో ఒకరు వచ్చారు. సుల్తాన్ బీ సేమ్యా ఖీర్ తెచ్చి, మంచం పక్కనే కూర్చుని, తన మేనత్త కన్ను ఎలా పోయిందో రెండు గంటలు వర్ణించింది. తలగడ కింద సాంఘిక శాస్త్రం పుస్తకం పెట్టుకుని లస్మవ్వ కళ్లు మూసుకుని పడుకుంది. మర్నాడే ఆ పరీక్ష.

రెండో రోజు నుంచి సదయ్య గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "డాక్టర్ మాట్లాడద్దన్నడు" అనేవాడు.

"కండ్లకూ మాటలకూ ఏం సంబంధం?"

"నరం ఒక్కటే" అనేవాడు.

లోపల ఆమెకు చాయ్ కావాలంటే తనే లేచి పెట్టేవాడు. మొదటి చాయ్‌లో పంచదార బదులు ఉప్పు పడిందట. ఆమె తాగేసి, పేజీ తిప్పిందట. అది నాకు లస్మవ్వ తరువాత చెప్పింది. "రెండో చాయ్ మంచిగనే పెట్టిండన్నా" అని కూడా చెప్పింది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. నేనే సంపత్ దగ్గరకు వెళ్లి ప్రింటు తీసుకున్నాను. దారంతా ఆ కాగితాన్ని జేబులోంచి తీయలేదు. తెలుగు పాసు. ఇంగ్లీషు పాసు. సామాన్య శాస్త్రం పాసు. సాంఘికం, ఆ ఖీరుతో సహా, పాసు. గణితం ముప్పై రెండు. ముప్పై అయిదు రావాలి. గణితం చెప్పింది నేను.

గోడ మీదుగా కాగితం ఇచ్చాను. లస్మవ్వ వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదువుకుంది. సదయ్య ఆమె వెనక నిలబడి ఉన్నాడు.

"మూడు మార్కులు" అన్నాను. "తప్పు నాదే చెల్లె. నేను ఇంకా..."

"ఊకో అన్నా" అంది. "నాలుగు వచ్చినయి గద. అక్టోబర్‌ల ఇంకోసారి రాయచ్చునట." గొంతు మామూలుగానే ఉంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. భర్త వైపు తిరిగింది. "రెండు నెలలు నోరు కట్టుకున్నవ్. ఇగ నీ ఇష్టం. చెప్పుకుంటె చెప్పుకో."

సదయ్య చెప్పులు తొడుక్కుని గబగబా బయటికి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను. ఎందుకు వెళ్లానో, వెళ్లి ఏం చేద్దామనుకున్నానో తెలియదు. నేను చేరేసరికి అతను లింగమూర్తి హోటల్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఆరుగురు.

"ఇన్ని దినాలేడ పోయినవే? అక్క కండ్లెట్లున్నయి?" అని లింగమూర్తి చాయ్ వంచుతూ అడిగాడు.

సదయ్య నోరు తెరిచాడు. గుమ్మంలో నన్ను చూశాడు. వక్కపలుకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు పోయింది.

"మంచిగైనయి" అన్నాడు. "ఒక్కటే కొంచెం బాకి. దాన్ని అక్టోబర్‌ల చూస్తమన్నరు."

"ఆపరేషనా?"

"చిన్నదే. ఫికర్ లేదు. మంచి డాక్టరే" అని నా వైపు చూడకుండా అన్నాడు. "మొదటిసారి కొంచెం తప్పు జేసిండు. ఈసారి సరిగ్గ చేస్తడు."

నేను లింగమూర్తిని ఒక చాయ్ అడిగి, తాగి, ఇంటికి వచ్చేశాను. ఆ రోజు యమున ఏడింటికి ఫోన్ చేస్తే, ఏం తిన్నావో అడగక ముందే, రేపటి నుంచి సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు నాకు మళ్లీ పని ఉందని చెప్పాను. తను "మంచిది నాన్నా" అంది.

తొమ్మిది దాటాక గేటు వేద్దామని బయటికి వచ్చాను. సాయంత్రం పడిన జల్లుకు బొగ్గుదుమ్ము అణిగి, గాలి కడిగినట్టుంది. పక్కింట్లో ట్యూబులైటు కింద లస్మవ్వ చాప పరుచుకుని కూర్చుంది. ఒళ్లో గణితం పుస్తకం, మొదటి పాఠం. పక్కన స్టీలు గ్లాసులో పొగలు కక్కుతున్న చాయ్. ఎదురింటి నుంచి సుల్తాన్ బీ ఏదో గిన్నె పట్టుకుని మెట్లు దిగుతోంది. సదయ్య గడపలో లేచి నిలబడి, ఆమెకు దూరం నుంచే చెయ్యి ఊపి, రెండు అరచేతులు చెంపకు ఆనించి చూపించాడు, పడుకుందని. సుల్తాన్ బీ సరేనని తలూపి వెనక్కి తిరిగింది.

వాళ్ల తలుపు వానాకాలంలో ఉబ్బి గచ్చుకు రాసుకుంటుంది. సదయ్య లోపలికి వెళ్లి, రెండు చేతులతో తలుపును కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లగా మూశాడు.